చేయి కడగని ఇల్లు

మా నాయనమ్మ తను పోయేదాకా తన సొంత తమ్ముడి ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఎవరిదో పెళ్ళిలో భోజనాల బంతిలోంచి ఆవిణ్ణి లేపి, ఆ చోట కరణం గారి భార్యను కూర్చోబెట్టారట. లేపింది ఆ తమ్ముడే. నాయనమ్మ కేకలు వేయలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. రాకపోకలు కూడా మానలేదు. వాళ్ళింట్లో ఏ శుభకార్యం జరిగినా అందరికంటే ముందే వెళ్ళేది. అరుగు మీద అందరికీ కనబడేలా కూర్చునేది. అందరూ తిని తాంబూలాలు వేసుకున్నాక లేచి, మా ఇంటికొచ్చి మజ్జిగన్నం తినేది. "వాడింట్లో చెయ్యి కడగను" అనేది. తమ్ముడు పోయిన రోజున గుండెలు బాదుకుని ఏడ్చింది. పెద్దదినం నాడు భోజనాలకు విస్తళ్ళు వేస్తుంటే మాత్రం కొంగు దులుపుకుని వచ్చేసింది. చిన్నప్పుడు అది నాకు పౌరుషమంటే ఇదీ అన్నట్టు కనిపించేది. ఇప్పుడూ అలాగే కనిపిస్తుంది.

నేనూ ఒక ఇంట్లో చేయి కడగలేదు. న్యూజెర్సీలో, ఐసెలిన్‌కు పావుగంట దూరంలో ఉన్న ఇంట్లో, పన్నెండేళ్ళు. కారణం ఒక శాలువా.

నేను మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మాత్ర బాగుందని ఎవరైనా అంటే నమ్మడం మా ఉద్యోగం కాదు. కొలిచి, రాసి, సంతకం పెట్టడం మా ఉద్యోగం. ఆ అలవాటు డైరీలోకి వచ్చిందో, డైరీ అలవాటే ఆ ఉద్యోగంలోకి తీసుకెళ్ళిందో చెప్పలేను. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇది రాయడానికి మాత్రం వాటిని తెరవవలసిన పని పడలేదు. పగకు డైరీ అక్కర్లేదు.

రిటైరయ్యాక నాకు దొరికిన మొదటి స్నేహితుడు ఒక నల్లజాతి పాస్టరు. మా పరిచయం రెండు వేల ఒకటిలో, న్యూయార్క్ జంట భవనాలు కూలిన కొద్ది వారాలకు, ఆకులు రాలుతున్న రోజుల్లో, మా ఊరి లైబ్రరీ పార్కింగ్ లాట్‌లో జరిగింది. ఆ రోజుల్లో మా రంగు వాళ్ళం బయట తిరగడమే కొందరికి కంటగింపుగా ఉండేది. నేను కారు దిగుతుంటే ఒక పికప్ ట్రక్కు పక్కన ఆగింది. అందులోని కుర్రాడు మీ దేశానికి పొమ్మని అరిచి, చేతిలోని కూల్ డ్రింక్ నా చొక్కా మీదికి విసిరాడు. నేను కదల్లేదు. ధైర్యం వల్ల కాదు, నంబర్ ప్లేటు చదువుతున్నాను. అంతలో లైబ్రరీ మెట్ల మీద నుంచి నల్ల సూటు వేసుకుని, టోపీ పెట్టుకున్న పొడవాటి పెద్దమనిషి దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ట్రక్కు వైపు చూస్తూ ఊరికే నిలబడ్డారు. అది వెళ్ళిపోయాక జేబురుమాలు తీసి నాకిచ్చారు.

"నంబరు చూశారా?" అని అడిగారు.

"చూశాను. నోటికి వచ్చేసింది."

"ఏం చేస్తారు దానితో?"

"ఉంచుకుంటాను."

"ఎంతకాలం?"

"అవసరం పడేదాకా."

ఆయన "మీకు జ్ఞాపకశక్తి మెండు. దేవుడు మిమ్మల్ని కాపాడుగాక" అన్నారు. అది దీవెనో, హెచ్చరికో నాకు తెలియలేదు.

ఇద్దరం లైబ్రరీ తలుపులు తీయకముందే వచ్చి నిలబడే రకం. పేపర్లు చదివేవాళ్ళం. గురువారాలు మా ఇంటికి వచ్చేవారు. నా భార్య స్టీలు గ్లాసులో ఫిల్టర్ కాఫీ ఇచ్చేది. మొదట్లో వేళ్ళు కాల్చుకున్నారు. తర్వాత గ్లాసు అంచు పట్టుకోవడం మాకంటే బాగా నేర్చుకున్నారు. నా పేరు ముందున్న బిరుదు చూసి నన్ను "డాక్టర్" అనేవారు. నేను "రెవరెండ్" అనేవాణ్ణి. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన ఎవరో నాకు ఒక్కసారిగా తెలియలేదు. గురువారానికి కాస్త చొప్పున తెలిసింది. దక్షిణాది రాష్ట్రంలో ఒక చిన్న పట్టణం, అందులో ఒక చిన్న చర్చి. అది పంతొమ్మిది వందల అరవై ప్రాంతం, ఆయనకు ముప్ఫై కూడా నిండలేదు. బజారులోని పెద్ద దుకాణంలో నల్లవాళ్ళు సబ్బు కొనవచ్చు, దువ్వెన కొనవచ్చు, పక్కనే ఉన్న కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ తాగకూడదు. ఆ కౌంటర్ దగ్గర కూర్చోవడానికి కాలేజీ పిల్లలను తయారుచేసింది ఆయన. చర్చి కింద గదిలో కుర్చీలు వరుసగా వేసి, కొందరిని కూర్చోబెట్టేవారు. మిగతావాళ్ళు తెల్లవాళ్ళ వేషం వేసి వాళ్ళను తిట్టాలి, జుట్టు లాగాలి, నెత్తిన పాలు పోయాలి. కూర్చున్నవాళ్ళు చేయెత్తకూడదు, తల దించకూడదు.

"ప్రాక్టీసులో అందరికంటే దుర్మార్గుణ్ణి నేనే. వాళ్ళ అమ్మలను తిట్టేవాణ్ణి. ఆదివారం నా ప్రార్థన విన్న పిల్లలు సోమవారం నన్ను చూసి ఏడ్చేవాళ్ళు. బయట జరగబోయేదంతా ముందు లోపలే జరిగిపోవాలి, డాక్టర్" అన్నారు.

జైలుకు వెళ్ళారు. పక్కటెముక విరిగింది. ఒక వేసవిలో ఎవరో ఆయన ఇంటి కిటికీలోంచి మండుతున్న సీసా విసిరారు. ఆ గదిలో పసిబిడ్డ నిద్రపోతోంది. ఇప్పుడు ఆయన ఉంటున్నది ఆ కూతురి ఇంట్లోనే.

"విసిరింది ఎవరో తెలిసిందా?"

"చిన్న ఊరు కదా. అందరికీ తెలుసు."

"మరి?"

"మరేం లేదు. గోడకు సున్నం వేయించాం."

నేను ఆ గురువారం ఆయన వెళ్ళిపోయాక చాలాసేపు గదిలో పచార్లు చేశాను. నా బిడ్డ గదిలో నిప్పు పడి ఉంటే, ఆ చేయి ఎవరిదో నాకు తెలిసి ఉంటే... ఈ వాక్యాన్ని నేను ఎప్పుడూ పూర్తిచేయలేదు. పూర్తిచేయడం ఇష్టం లేక కాదు.

ఇంకోసారి అడిగాను. "ఆ కౌంటర్ వెనకాల ఉండి మీకు కాఫీ లేదన్న మనిషి చివరికి ఏమయ్యాడు? ఏం శిక్ష పడింది?"

"కాఫీ తెచ్చి పెట్టాడు. అదే మేం అడిగింది."

"అంతేనా?"

"అంతే. కాఫీ ఏం బాగాలేదు." ఆయన నవ్వారు. "మేం అతని గుండె అడగలేదు, డాక్టర్. మీ లేబరేటరీలో గుండెను పరీక్షించే యంత్రం ఉందా?"

"లేదు."

"మరి కొలవలేనిది అడగడం ఎందుకు? చేతులతో, కాళ్ళతో చేయగలిగిందే అడగాలి. అడిగింది జరిగితే లేచి ఇంటికి వెళ్ళాలి."

వృత్తిపరంగా ఆ మాట నాకు నచ్చింది. మనిషిగా నచ్చలేదు.

మరుసటి ఏడాది మా తెలుగు సంఘం ఆగస్టు పదిహేను వేడుకకు ఆయన్ని ముఖ్య అతిథిగా పిలుద్దామన్నది నేనే. అహింస గురించి మాట్లాడడానికి ఆయనకంటే తగినవారెవరు? సంఘం ప్రెసిడెంటు గారు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. కంప్యూటర్ కంపెనీలకు మనుషులను సరఫరా చేసే కన్సల్టెన్సీ నడిపేవారు. చురుకైనవారు, నోటినిండా నవ్వేవారు. "సూపర్ ఐడియా గురువు గారూ, బుక్ చేసేద్దాం" అన్నారు. సన్మానానికి శాలువా నేనే ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డంతా తిరిగి కొన్నాను. ముదురు మెరూన్ పట్టు, సన్నని జరీ అంచు. కొట్టు ఆవిడ పెళ్ళికొడుక్కా అని అడిగింది. "అంతకన్నా పెద్దవాడికి" అన్నాను. మడత చెడకుండా తీసుకెళ్ళి ప్రెసిడెంటు గారి చేతిలో పెట్టాను.

వేడుక ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. పాస్టరు గారు ఎక్కడికైనా ముందే చేరేవారు. ఉద్యమం రోజుల్లో ఆలస్యంగా వచ్చినవాడు ఒంటరిగా దొరికిపోయేవాడట, ఆ భయం అలవాటైపోయింది. ఆ రోజు కూతురు ఆయన్ని ముందుగానే దింపి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి గుమ్మంలో పన్నీరు బుడ్లు పట్టుకున్న అమ్మాయిలు "చీఫ్ గెస్ట్ ఇంకా రాలేదంకుల్" అన్నారు. వెతికాను. భోజనాల హాల్లో ఉన్నారు. కోటు మడిచి బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, మడత కుర్చీలు తెరిచి వరుసగా వేస్తున్నారు.

"రెవరెండ్! ఇదేమిటి?"

"ఆ తెల్ల కుర్తా పెద్దమనిషి కుర్చీలు వేయమన్నాడు."

తెల్ల కుర్తా పెద్దమనిషి ప్రెసిడెంటు గారే. అప్పుడే అటు వస్తున్నారు. ఈయనెవరో తెలుసా అని నేను తెలుగులో అడిగితే నాలుక కరుచుకున్నారు. "అయ్యయ్యో! స్కూల్ జానిటర్ అనుకున్నా సార్. సౌండ్ రూమ్ కీస్ కూడా అడిగా!" అని గట్టిగా నవ్వారు. పాస్టరు గారి చేయి పట్టుకుని "వెల్‌కమ్, వెల్‌కమ్" అని ఊపారు. క్షమించమన్న మాట ఏ భాషలోనూ రాలేదు. నా ముఖం చూసి, భుజం మీద చేయి వేసి, నవ్వుతూనే అన్నారు. "పోనీలెండి గురువు గారూ, ఫీలవ్వకండి. వాళ్ళకి అలవాటేగా."

ఆ మాట అంటున్నప్పుడు పాస్టరు గారు మా ఇద్దరి మధ్యే ఉన్నారు. భాష తెలియక, మర్యాదకు చిరునవ్వు నవ్వుతున్నారు.

ఎవరినైనా పొరపాటుపడి బడి ఊడ్చే జానిటర్ అనుకోవచ్చు. దాన్ని నేను క్షమించగలిగేవాణ్ణే. ఆ నవ్వుతున్న ముఖం ముందు ఆ మాట అనడాన్ని క్షమించలేకపోయాను.

మిగతాది దానికి తగ్గట్టే జరిగింది. పిల్లల డాన్సులు సాగి సాగి, ఆయన ప్రసంగానికి ఐదు నిమిషాలు మిగిలాయి. నిలబడి, ఐదు నిమిషాలే మాట్లాడి కూర్చున్నారు. తర్వాత సన్మానం. ప్రెసిడెంటు గారు నా మెరూన్ శాలువా తీసి, వేడుకకు డబ్బిచ్చిన ఒక ఇళ్ళ ఏజెంటు గారి భుజాన కప్పారు. నేను స్టేజీ పక్కకు పరిగెత్తాను.

"అదేమిటండీ, అది పాస్టరు గారిది!"

"స్పాన్సర్ గారు ఎర్లీగా వెళ్ళాలన్నారు సార్. ఒకటే శాలువా ఉంది. ఆయనకి బొకే ఇచ్చాంగా, అడ్జస్ట్ అవ్వాలి."

దింపడానికి వెళ్తుంటే కారులో పాస్టరు గారు పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని, "ఆ చిన్నపిల్లల డాన్స్ చాలా బాగుంది" అన్నారు.

ఇంటికి రాగానే నా భార్యతో అన్నాను. "ఆయన భుజాన వాడి చేత్తో శాలువా వేసి, తప్పయిందని అనేదాకా వాడింట్లో చెయ్యి కడగను."

"నాయనమ్మ పోలిక ఎక్కడికి పోతుంది!" అంది ఆవిడ. "నన్ను మాత్రం మానమనకండి. పగ మీది, ఆకలి నాది."

నేను నాయనమ్మ పద్ధతే పాటించాను. పిలిచిన ప్రతిసారీ వెళ్ళాను. వాళ్ళ గృహప్రవేశానికి, సత్యనారాయణ వ్రతాలకు, పిల్లల గ్రాడ్యుయేషన్ పార్టీలకు. ముందే వెళ్ళి, గుమ్మానికి ఎదురుగా ఉన్న సోఫాలో కూర్చునేవాణ్ణి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ చూడాలి. కాఫీ వస్తే వద్దమ్మా. టిఫిన్ వస్తే వద్దమ్మా. ప్రసాదంతోనే చిక్కు వచ్చింది. వాడితో పగ గానీ దేవుడితో కాదు కదా. అందుకని కళ్ళకద్దుకుని, పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి, కోటు జేబులో వేసుకుని, ఇంటికొచ్చి తినేవాణ్ణి. జేబులకు నెయ్యి మరకలు పడ్డాయి. డ్రై క్లీనర్ చైనా ఆవిడ ప్రతిసారీ నన్ను జాలిగా చూసేది.

ప్రెసిడెంటు గారి భార్య మంచి ఇల్లాలు. "అన్నయ్యగారూ, కనీసం మజ్జిగ" అని బతిమాలేది. కాదన్న ప్రతిసారీ నా గుండెలో ఏదో చల్లగా దిగేది. తిరిగి వస్తుంటే కారులో నా భార్య "గుత్తివంకాయ బ్రహ్మాండం, మీ ఖర్మ" అనేది. ఆ ఇంట్లో నా ఎదుటి ఖాళీ పళ్ళెం ఆ మనిషిని తొలిచేస్తోందని, ఇవాళో రేపో వచ్చి కాళ్ళమీద పడతాడని నేను ఎదురుచూశాను.

కొన్నేళ్ళకు ఈ సంగతి పాస్టరు గారికి చెప్పాను. గర్వంగానే చెప్పాను. నేనూ ఒక సత్యాగ్రహం చేస్తున్నానని. 'అలవాటేగా' అన్న మాట మాత్రం చెప్పలేదు, శాలువా సంగతే చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"అతనికి చెప్పారా?"

"ఏమని?"

"మీకేం కావాలో."

"చెప్పడమేమిటి? వాడికి తెలియదా? తెలుసుకోవాలి."

"డాక్టర్, మేం కౌంటర్ దగ్గరికి వెళ్ళేముందు ఆ దుకాణం యజమానికి చెప్పి వెళ్ళాం. ఫలానా రోజు వస్తాం, ఫలానాది కావాలి అని. చెప్పకుండా తినడం మానేస్తే దాన్ని ఉద్యమం అనరు. డైటింగ్ అంటారు."

నాకు కోపం వచ్చింది. "మావైపు ఇది చాలా పాత ఆయుధం" అన్నాను.

"కావచ్చు. నా కోసమైతే మానేయండి. నాకా శాలువా అక్కర్లేదు."

"మీ కోసం కాదు" అన్నాను. నిజమే చెప్పాను.

రెండు వేల పధ్నాలుగు వచ్చింది. జాతి వివక్షను నిషేధించిన చట్టానికి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరం. ఎక్కడెక్కడి పాతవాళ్ళనో వెతికి పట్టుకుని సన్మానిస్తున్నారు. పాస్టరు గారి ఫొటో స్థానిక పత్రికలో మొదటి పేజీలో పడింది. టీవీ వాళ్ళు వచ్చారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది. ఆ వారంలోనే ప్రెసిడెంటు గారు మా ఇంటి తలుపు తట్టారు. మళ్ళీ ఆయనే ప్రెసిడెంటు. పైగా టౌన్‌షిప్ కౌన్సిల్‌కు పోటీ చేసే ఆలోచనలో ఉన్నారని విన్నాను.

"గురువు గారూ, మీ ఫ్రెండ్‌ని ఈసారి ఆగస్టు పదిహేనుకి చీఫ్ గెస్ట్‌గా రప్పించాలి. మీరు చెప్తే కాదనరు. గ్రాండ్‌గా చేద్దాం, ప్రెస్‌ని పిలుద్దాం."

నా భార్య ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆయన తాగారు. మా ఇంట్లో, నా ఎదురుగా, హాయిగా తాగారు.

"మీ ఇంట్లో నేను పన్నెండేళ్ళుగా ఏమీ ముట్టుకోవడం లేదు. గమనించారా?" అన్నాను.

"అయ్యో, గమనించకపోవడమేంటి సార్! మీకు షుగర్ అనుకున్నాం. మా ఆవిడ మీ కోసమని సెపరేట్‌గా పంచదార లేని పాయసం కూడా చేసేది, మీరు అదీ తీసుకునేవారు కాదు. బాగా కంట్రోల్‌లో పెట్టారండీ. మా ఫ్రెండ్స్‌కి మిమ్మల్నే ఎగ్జాంపుల్‌గా చెప్తా."

వంటింట్లో గిన్నె కిందపడ్డ శబ్దం వచ్చింది. ఆ వెంటనే నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్న శబ్దం.

"శాలువా," అన్నాను. "ఆ శాలువా గుర్తుందా?"

"ఏ శాలువా సార్?"

ఆయన కళ్ళలో కపటం లేదు. నిజంగానే గుర్తులేదు. నా పన్నెండేళ్ళు ఆయనకు మధుమేహంలా కనిపించాయి. ఆ క్షణం వరకూ నాకున్నది పంతం. అప్పుడు పగ అయింది. పరిచయ ప్రసంగం నన్నే చేయమన్నారు. తప్పకుండా చేస్తానన్నాను.

అదే హైస్కూల్, అదే ఆడిటోరియం. ఈసారి గుమ్మంలో ప్రెసిడెంటు గారే పన్నీరు చల్లారు. హాలు నిండింది. పత్రిక మనిషి కెమెరాతో ముందు వరసలో ఉన్నాడు. స్టేజీ మీద పాస్టరు గారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు. పక్కన ప్రెసిడెంటు గారు వెండి పళ్ళెంలో కొత్త శాలువా, కుంకుమ భరిణె పట్టుకుని నిలబడ్డారు. నేను మొదట ఇంగ్లీషులో ఆయన జీవితం చెప్పాను. కౌంటర్, జైలు, కిటికీలోంచి వచ్చిన సీసా. చప్పట్లు కొట్టారు. తర్వాత తెలుగులోకి మారాను.

"పన్నెండేళ్ళ కిందట ఈ పెద్దాయన ఇదే చోటికి మన అతిథిగా వచ్చారు. మనం ఆయన చేత కుర్చీలు వేయించుకున్నాం. ఈయన కోసం కొన్న శాలువా డబ్బిచ్చినవారికి కప్పాం. ఈయనెవరో నేను చెప్తే ఒకరు నవ్వి, 'వాళ్ళకి అలవాటేగా' అన్నారు. ఈయన ఎదుటే అన్నారు. నేను విన్నాను. అన్నవారు ఎక్కడికీ పోలేదు. ఇదిగో, పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు."

ఎంత నెమ్మదిగా చెప్పానో నాకు గుర్తుంది. ఒక్కో మాటకూ ఒక్కో మేకు కొట్టినట్టు చెప్పాను. ప్రెసిడెంటు గారి నవ్వు ముందు పెదవుల మీద ఆగింది, తర్వాత పోయింది. పళ్ళెం ఒరిగి కుంకుమ శాలువా మీద ఒలికింది. ముందు వరసలో ఆయన భార్య తల దించుకుంది. హాల్లో ఎవరూ దగ్గలేదు. నా జీవితంలో అంత రుచైన భోజనం ఇంకొకటి లేదు.

పాస్టరు గారు హాలును చూశారు, పళ్ళేన్ని చూశారు, నన్ను చూశారు. మైకు అడిగి తీసుకున్నారు. "ఇలాంటి నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. నా స్నేహితుడు ఏమన్నాడో ఎవరైనా చెబుతారా?"

చివరికి కార్యక్రమం నడుపుతున్న కాలేజీ అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇంగ్లీషులో చెప్పింది. చివరి మాట దగ్గర ఆగిపోయి నా వైపు చూసి, "అంకుల్, అదీ చెప్పాలా?" అని తన వంకర తెలుగులో అడిగింది.

"చెప్పమ్మా" అన్నాను.

చెప్పింది. ఆయన తల ఊపారు. మైకులో అన్నారు. "నిజమే, కుర్చీలు వేశాను. వీళ్ళు నా పేరు ఎప్పుడు అడుగుతారో చూద్దామని వేస్తూ ఉన్నాను. ఆ సాయంత్రం ఎవరూ అడగలేదు." తర్వాత ప్రెసిడెంటు గారి వైపు తిరిగారు. "ఇప్పుడు అడుగుతారా?"

ప్రెసిడెంటు గారు అడిగారు. పాస్టరు గారు తన పేరు చెప్పారు. ప్రెసిడెంటు గారు "ఐయామ్ సారీ" అని, అది చాలనట్టు "క్షమించండి" అని కూడా అని, కుంకుమ పడ్డ శాలువాను తన చేతులతో ఆ భుజాల మీద కప్పారు. నేను కోరిందంతా, కోరినట్టే జరిగింది. ఆ ఏడాది ఆయన కౌన్సిల్ ఎన్నికలో నిలబడలేదు. నా వల్లేనని జనం అన్నారు. నేను కాదనలేదు.

తర్వాతి గురువారం పాస్టరు గారు వచ్చారు. నా భార్య కాఫీ పెట్టింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

"డాక్టర్, మీకు ముందే చెప్పి చేస్తున్నాను, వినండి. నా ముందు, నా గురించి, నాకు అర్థంకాని భాషలో ఆ మనిషి ఒకసారి మాట్లాడాడు. మొన్న మీరూ అదే చేశారు. నన్ను కర్రలాగా పట్టుకుని అతన్ని కొట్టారు. నేను కర్రను కాదు. మీరు ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని, పెట్టింది తిని రావాలి. అదయ్యేదాకా నేను మీ కాఫీ తాగను. వస్తాను, కూర్చుంటాను, తాగను."

"నేను చేసింది మీ కోసం!"

"మీ కోసం కాదు అని మీరే ఒకసారి చెప్పారు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి పరువు కోసం పన్నెండేళ్ళు నోరు కట్టుకున్నానో ఆయనే నా ఇంట్లో చేయి కడగనంటున్నారు! నిజానికి నా ఒట్టు తీరిపోయింది, ఆ ఇంట్లో తినడానికి అడ్డమేమీ లేదు. కానీ గెలిచినవాడు వెళ్ళి ఓడినవాడి ఇంట్లో తినడం నాకు గెలుపును తిరిగిచ్చేయడంలా తోచింది. వెళ్ళలేదు.

ఆయన మాత్రం వచ్చారు. ప్రతి గురువారం. కాఫీ మీద మీగడ కట్టేది. వాతావరణం గురించి, పేపర్లో వార్తల గురించి మామూలుగానే మాట్లాడేవారు. నా భార్యను క్షేమమడిగేవారు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. చలికాలం వచ్చింది. కర్ర పోయి వాకర్ వచ్చింది. కూతురు కారులో దింపితే, మంచులో వాకర్ నెట్టుకుంటూ వచ్చి, కాఫీ తాగకుండా వెళ్ళే మనిషితో ఎలా పోట్లాడాలి?

ఒక గురువారం ఆయన వెళ్ళాక నా భార్య చల్లారిన గ్లాసు నా ముందు ఠపీమని పెట్టింది. "పన్నెండేళ్ళు ఆ ఇంటి ఇల్లాలిని ఏడిపించారు, నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఈ ఇంటి ఇల్లాలి వంతా? వచ్చే గురువారం నుంచి మీకూ కాఫీ లేదు. నేనూ చెప్పే చేస్తున్నాను."

శనివారం పొద్దున వెళ్ళాను. ప్రెసిడెంటు గారే తలుపు తీశారు.

"టిఫిన్ తినడానికి వచ్చాను" అన్నాను.

ఆయన భార్య ఇడ్లీలు, వేరుశనగ చట్నీ పెట్టింది. బల్లకు ఒక పక్క ఆయన, ఒక పక్క నేను. చివర్లో ఆవిడ కాఫీ తెచ్చింది.

"షుగర్ వేయమంటారా?" అన్నారు ప్రెసిడెంటు గారు. కళ్ళు ఎత్తకుండా అన్నారు గానీ ఆ మాటలో ముల్లుంది. ఉండాలి కూడా.

"రెండు చెంచాలు" అన్నాను.

తాగాను. లేచి, వాళ్ళ సింకులో చేయి కడిగాను. ఆవిడ తువ్వాలుతో పక్కన నిలబడి ఉంది. కళ్ళు తుడుచుకోవడానికి అదే తువ్వాలు వాడి, మళ్ళీ నాకే ఇచ్చింది.

గురువారం పాస్టరు గారు కుర్చీలో కుదురుకోగానే, ఆ ఇంటికి వెళ్ళొచ్చానని చెప్పాను. "ఏం తిన్నారు?"

"ఇడ్లీలు. చట్నీలో ఉప్పు ఎక్కువ."

"కాఫీ?"

"ఏం బాగాలేదు."

"క్షమించారా?"

"మీరు అది అడగలేదు, రెవరెండ్. చేతులతో, కాళ్ళతో చేయగలిగిందే అడిగారు. అది చేశాను. గుండెను పరీక్షించే యంత్రం మా లేబరేటరీలో లేదు."

ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు వచ్చింది, ఆ నవ్వు దగ్గుగా మారి మళ్ళీ నవ్వుగా మారింది. నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆయన చేయి చాచి గ్లాసు అంచు పట్టుకున్నారు. ఎత్తబోయి ఆగారు.

"ఆ ట్రక్కు నంబరు?"

చెప్పాను, ఒక్క అంకె తప్పకుండా.

తల అడ్డంగా ఊపి, కాఫీ తాగారు.